అతుకా, మార్పా? దీవిలో పగిలిన మ్యానిఫోల్డ్

పాత అంబాసిడర్‌కి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పగిలితే విజయవాడలో అదొక పూట పని. జవహర్ ఆటోనగర్‌లో నాలుగు పాత సామాన్ల దుకాణాలు తిరిగితే ఏ కుప్పలోంచో ఇంకొకటి బయటపడుతుంది, సాయంత్రానికి బండి కదులుతుంది. అదే పగులు శ్రీ విజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊళ్ళో వస్తే లెక్క మారిపోతుంది. విశాఖపట్నం నుంచి అక్కడికి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. చెన్నై నుంచైనా, కోల్‌కతా నుంచైనా దూరంలో పెద్ద తేడా లేదు. ఓడలో వేసిన సామాను చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ ఓడ ఎప్పుడు కదులుతుందన్నది వేరే సంగతి. అందుకే అక్కడి మెకానిక్కు నోట ముందు వచ్చే మాట ‘మార్చేద్దాం’ కాదు, ‘అతికిద్దాం’.

ఎలా అతికించాలన్న దగ్గరే తగువంతా. ఒకరు కరెంటు వెల్డింగ్ అంటారు, ఒకరు ఇత్తడి పోయమంటారు, ఇంకొకరు పోత ఇనుముకు అతుకే నిలవదంటారు. నూరేళ్ళకు పైగా నడుస్తున్న తగువు ఇది. ఓడల ఇంజన్ల దగ్గర మొదలై కార్లదాకా వచ్చింది. మూడు పక్షాల దగ్గరా కొంత నిజం ఉంది. ముగ్గురూ మర్చిపోయేది మాత్రం ఒకటే: ఆ ఇనుము ఎందుకు పగిలింది?

దీవుల్లో పాత బండి అంటే ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చులో ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కారు. 1950ల చివర మొదలై 2014 మేలో ఆగిపోయింది. తొలి బళ్ళలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. తర్వాత వచ్చిన 1489 సీసీ బి.ఎం.సి. బి-సిరీస్ ఇంజనే దాన్ని దేశమంతా తిప్పింది. రెండోది జీపు. మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం 1940ల చివర మొదలుపెట్టారు. అడవి పనులకూ కొండదారులకూ దానికి మించిన బండి చాలాకాలం లేదు. వీటిని బాగుచేసే చేతుల్లో తెలుగు చేతులు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలే అందులో ఎక్కువ. అందరికీ ఉమ్మడి భాష హిందీ అయినా, షెడ్డులో స్టడ్డు విరిగినప్పుడు ఎవరి తిట్టు వారి భాషలోనే వస్తుంది.

ఇక పగులు సంగతి. మ్యానిఫోల్డ్ చేసే పని తేలిగ్గా కనిపిస్తుంది: సిలిండర్లలోంచి వచ్చే పొగను ఒకచోటికి చేర్చి సైలెన్సర్ గొట్టంలోకి పంపడం. కానీ పెట్రోలు ఇంజన్‌ను గట్టిగా తొక్కితే ఆ పొగ వేడి 700, 800 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. మ్యానిఫోల్డ్ లోహం అయిదారు వందల డిగ్రీలు ఎక్కుతుంది. దాన్ని పట్టుకున్న సిలిండర్ హెడ్‌కు మాత్రం లోపల నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి అది తొంభై డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అర మీటరు పొడవున్న పోత ముక్క 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. పక్కనున్న హెడ్ అంత పొడవులో మిల్లీమీటరులో మూడోవంతు సాగితే ఎక్కువ. ఈ తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ మీద కొద్దిగా జారితే సర్దుకుంటుంది. జారనివ్వకపోతే పగులుతుంది.

పోత ఇనుముకు సాగే గుణం దాదాపు లేదు. అందులో కార్బన్ 2.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అందులో చాలా భాగం ఇనుము మధ్య సన్నని గ్రాఫైట్ రేకులుగా పేరుకుని ఉంటుంది. ఆ రేకుల వల్లే దాన్ని పోయడం, కోయడం తేలిక. ఇంజన్ అదురును మింగుకోవడమూ వాటి చలవే. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం ఒక్కొక్క రేకు అంచూ పగులుకు మొదలవుతుంది. మన బూడిదరంగు పోత ఇనుము ప్రమాణం ఐ.ఎస్. 210లో రకాలకు ఎఫ్.జి. 150, ఎఫ్.జి. 200 అని పేర్లుంటాయి. ఆ అంకెలు లాగుడు బలాన్నే చెబుతాయి, అదీ మెగాపాస్కళ్ళలో. మామూలు మెత్తని ఉక్కుకు ఇది నాలుగు వందల చుట్టూ ఉంటుంది.

వయసు ఇంకొక దెబ్బ. ఏళ్ళ తరబడి ఎర్రబడి చల్లారే పోత ఇనుములో కార్బన్ కూడిక విడిపోయి గ్రాఫైట్‌గా మారుతుంది, రేకుల వెంబడి లోపలికి తుప్పు చొరబడుతుంది. దాంతో ముక్క శాశ్వతంగా ఉబ్బుతుంది. నలభై ఏళ్ళ మ్యానిఫోల్డ్‌ను విప్పి చదునైన పలక మీద పెడితే చివర్లు లేచి కనిపించడానికి ఇదీ ఒక కారణమే.

దీవి వాతావరణం దీనికి తన వంతు కలుపుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తగిలే చోటు అది. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన, మిగతా రోజుల్లో ఉప్పు గాలి. కొండ ఎక్కి మండుతున్న మ్యానిఫోల్డ్ మీద గుంతలోని నీళ్ళు చిమ్మితే పైపొర ఒక్కసారి ముడుచుకుంటుంది, లోపొర ముడుచుకోదు. 2004 డిసెంబరు సునామీ తెచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగి, సిప్పిఘాట్ వైపు పొలాల్లోకి సముద్రం వచ్చేసింది. అలాంటి చోట పోటు వేళ చక్రం కింద చిమ్మేది వట్టి నీళ్ళు కాదు, ఉప్పు నీళ్ళు. అయితే అసలు విలన్ నీళ్ళ చిమ్ము కాదు, తుప్పు. ఉప్పు గాలికి స్టడ్డు, నట్టు, ఫ్లాంజి కలిసి ఒకటే ముద్దయిపోతాయి. జారాల్సిన ముక్క కదలలేదు. దానికి తోడు సైలెన్సర్ గొట్టాన్ని ఛాసీకి పట్టే క్లాంపు తుప్పుతో ఊడిపోతే గొట్టం బరువంతా మ్యానిఫోల్డ్ మెడ మీద పడుతుంది. ఇంజన్ మౌంటు రబ్బరు చచ్చినా ఇంతే.

మోడల్‌ని బట్టి సొంత జబ్బులూ ఉన్నాయి. బి-సిరీస్ హెడ్‌కు పొగ బయటికొచ్చే రంధ్రాలు మూడే. రెండు, మూడు సిలిండర్లకు నడిమిది ఉమ్మడి. అంటే నడిమి కొమ్మ పక్కవాటికి రెట్టింపు పొగ మోస్తుంది. విల్లీస్ జీపు పాత ఎల్-134 ఇంజన్‌లో ఇంకో ఏర్పాటు ఉంటుంది: చలి దేశంలో పెట్రోలు ఆవిరవడానికి వేడి పొగను ఇన్‌టేక్ అడుగుకు మళ్ళించే చిన్న తలుపు, దానికొక స్ప్రింగు. ఆ తలుపు ‘చలి’ వైపు తుప్పు పట్టి బిగుసుకుపోతే, సూర్యుడు నెత్తి మీద మండే దీవిలో ఆ జీపు ఎప్పుడూ డిసెంబరు న్యూయార్కులో ఉన్నట్టే పనిచేస్తుంది. మ్యానిఫోల్డ్ ఒకేచోట మాడుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కుపోయినా, కార్బురేటర్ పెట్రోలు తక్కువిచ్చినా పొగ వేడి పెరుగుతుందని పాత మెకానిక్కులకు చెప్పక్కర్లేదు. కానీ వెల్డింగ్ షాపుకు పంపే ముందు వాటిని చూసేవారు తక్కువ.

పగులును పట్టుకోవడం ఒక కళ. పొద్దున్నే చల్లని ఇంజన్ స్టార్ట్ చేస్తే ట్యాపెట్ల చప్పుడులాంటి టిక్ టిక్ వినిపిస్తుంది, పది నిమిషాలకు మాయమవుతుంది. వేడికి ఇనుము సాగి పగులు మూసుకుపోవడమే ఇందుకు కారణం. ట్యాపెట్ చప్పుడు అంత మర్యాదగా మాయం కాదు. పగులు అంచున నల్లని మసి గీత కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే ముక్క విప్పి, మసి తోమి, బాగా ఆరాక కిరసనాయిలు పూయాలి. పావుగంట ఉంచి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి, పైన సుద్ద పొడి చల్లాలి. పగులులోకి దిగిన నూనె మెల్లగా సుద్దలోకి ఊరి, కంటికి ఆనని వెంట్రుకవాసి గీత కూడా తడి చారగా లేస్తుంది. ఆ చార మసి గీత కంటే దాదాపు ఎప్పుడూ పొడవుగానే ఉంటుంది. అతుకు ఎక్కడిదాకా వెయ్యాలో చెప్పేది అదే. ఖరీదైన రంగు స్ప్రే పరీక్షలూ ఈ సూత్రం మీదే నడుస్తాయి. తీగకు వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టి చూడటం ఇంకా పాత పద్ధతి: గట్టి పోత గంటలా మోగుతుంది, పగిలింది చచ్చు చప్పుడు చేస్తుంది.

చిన్న పగులే కదా అని ఊరుకోవడం మంచిది కాదు. కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన లేని విషం. అద్దాలు బిగించుకుని వానలో నడిపే కారులో ఇంజన్ గదికీ కూర్చునే గదికీ మధ్య రేకు తుప్పుతో చిల్లులుపడి ఉంటే అది లోపలికి వస్తుంది.

ఇప్పుడు మందుల సంగతి. అన్నిటికంటే తేలికైంది పుట్టీ. నీళ్ళ పైపులకు వాడే ఎం-సీల్ లాంటి ఎపాక్సీలు ఇక్కడ ఒక్క కొండెక్కేలోపే మాడి రాలిపోతాయి. ఎగ్జాస్ట్ కోసమే తయారుచేసిన పుట్టీలు వేడిని తట్టుకుంటాయి గానీ గట్టిపడ్డాక అవీ పెళుసే. పగులు రోజూ తెరుచుకుని మూసుకుంటుంటే మధ్యలో ఉన్న పుట్టీ పొడి కావడం ఖాయం. ఓడ వచ్చేదాకా ఇంటికి చేరడానికి సరే. అంతకు మించి ఆశించకూడదు.

రెండోది, బాగా చెడ్డపేరు తెచ్చుకున్నది, మామూలు కరెంటు వెల్డింగ్. గేట్లు, గ్రిల్లులు అతికే మెత్తని ఉక్కు రాడ్డుతో పోత ఇనుమును అతికితే చూడ్డానికి అందంగా పట్టుకుంటుంది. చల్లారేటప్పుడు ‘టిక్’మంటుంది. చూస్తే అతుకు అలాగే ఉంటుంది, అతుక్కి ఒక మిల్లీమీటరు పక్కన కొత్త పగులు. ఏం జరిగిందంటే, కరిగిన అంచులో కార్బన్ కరిగి ఉక్కులో కలిసింది. చుట్టూ ఉన్న చల్లని ఇనుము ఆ వేడిని ఒక్క గుక్కలో లాగేసింది. అంచంతా గాజులా పెళుసైన గట్టి పొరగా మారింది. అతుకు చల్లారి ముడుచుకుంటూ లాగితే ఆ పొరే తెగింది. స్టెయిన్‌లెస్ రాడ్డుతో వేసినా తప్పదు. పోత ఇనుము కంటే అది సగానికి పైగా ఎక్కువ సాగి ముడుచుకుంటుంది.

దీనికి విరుగుడు నికెల్ రాడ్డు. నికెల్ కార్బన్‌తో కలిసి గట్టి కూడికలు కట్టదు, మెత్తగానే ఉంటుంది, కాబట్టి ముడుచుకునే లాగుడును అదే భరిస్తుంది. దాదాపు పూర్తి నికెల్ ఉన్న రాడ్డు ఒకటి, సగానికి కాస్త ఎక్కువ నికెలూ మిగతా ఇనుమూ ఉన్నది ఇంకొకటి దుకాణాల్లో దొరుకుతాయి. మొదటిదాన్ని తర్వాత ఆకురాయితో తేలిగ్గా అరగదీయవచ్చు. రెండోది బలంగా ఉండి, మ్యానిఫోల్డ్ లాంటి వేడి ముక్కకు ఎక్కువ నప్పుతుంది. ఖరీదైన రాడ్డులు కొన్నా చాలామంది పని చెడగొట్టేది తొందరతో. పగులు రెండు చివర్లా మూడు మిల్లీమీటర్ల బెజ్జం వేసి దాని ప్రయాణం ఆపాలి. పగులు వెంబడి వి ఆకారంలో గాడి తియ్యాలి. ఒక్కసారికి అంగుళం మించకుండా వెయ్యాలి. వేసిన వెంటనే, ఎర్రదనం పోకముందే గుండ్రటి తల ఉన్న సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి. ముడుచుకునే లోహాన్ని ఆ దెబ్బలు పరుస్తాయి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మరో అంగుళం, అదీ పక్కది కాదు, దూరంగా ఉన్న చోట. నాలుగంగుళాల పగులుకు ఒక పూట పడుతుంది. పది నిమిషాల్లో అయిపోయిన పని అయితే మళ్ళీ చేయించుకోవాల్సిందే.

ఇందులో దీవికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. రాడ్డు పూత గాలిలోని తేమను పీలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ ఎనభై శాతం చుట్టూ తిరిగే చోట, తెరిచిన పెట్టెలో నెలలపాటు పడి ఉన్న రాడ్డు వేస్తే అతుకంతా సూది బెజ్జాలు పడుతుంది. వాడే ముందు రాడ్డులను వేడి పెట్టెలో ఆరబెట్టుకోవడం, మిగిలినవి గాలి చొరని డబ్బాలో దాచుకోవడం అక్కడ నాజూకు కాదు, అవసరం.

ఇత్తడి పోత సంగతి వేరు. ఇక్కడ ఇనుము కరగదు. గ్యాస్ టార్చితో ఇనుమును ఎర్రగా కాచి, వెలిగారం చల్లి, తొమ్మిది వందల డిగ్రీలకు కాస్త దిగువనే కరిగే ఇత్తడి రాడ్డును ఆ అంచులకు పట్టిస్తారు. కంసాలి వాడే వెలిగారమే ఇక్కడా పని చేసేది. ఇనుము కరగలేదు కాబట్టి పెళుసు పొర పుట్టదు, పగులు తిరగబెట్టే భయం తక్కువ. కష్టమంతా అంచును సిద్ధం చెయ్యడంలో. గ్రైండర్ చక్రంతో రుద్దితే గ్రాఫైట్ మెత్తగా మేకప్ వేసినట్టు పరుచుకుంటుంది, ఇత్తడి తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. అందుకే తెలిసినవారు చివరి రుద్దు ఆకురాయితో రుద్ది, ఆక్సిజన్ కాస్త ఎక్కువున్న మంటతో ఆ పైపొర గ్రాఫైట్‌ను కాల్చేస్తారు. అప్పుడు ఇత్తడి తడిలా పాకుతుంది. జింకు పొగ పీల్చితే రాత్రికి జ్వరం వస్తుంది కాబట్టి ఈ పని తలుపులు తెరిచే చెయ్యాలి.

ఇత్తడి పక్షానికి ఉన్న అసలు అడ్డంకి వేడి. వెల్డింగ్ పుస్తకాలు ఇత్తడి అతుకును 260 డిగ్రీలు దాటే చోట వాడొద్దనే చెబుతాయి. ఆ వేడి దాటాక దాని బలం వేగంగా పడిపోతుంది. మ్యానిఫోల్డ్ దానికి రెట్టింపు వేడెక్కుతుంది. కాగితం మీద ఈ వాదన తిరుగులేనిది. అయినా నెమ్మదిగా తిరిగే సైడ్ వాల్వ్ ఇంజన్ల మీద, ట్రాక్టర్ల మీద ఇత్తడి అతుకులు ఏళ్ళ తరబడి నిలిచిన మాటా నిజమే. తక్కువ గుర్రాల శక్తి, తక్కువ వేడి. పైగా పగులు ఫ్లాంజి దగ్గరుంటే అక్కడ హెడ్ వేడిని లాగేస్తుంది. కాబట్టి ‘ఇత్తడి పనికిరాదు’ అన్నది సగం మాట. విల్లీస్ జీపు ఫ్లాంజి చెవి విరిగితే ఇత్తడి చాలు. అంబాసిడర్ నడిమి కొమ్మ మెడ మీద పగిలితే చాలదు.

అన్నిటికంటే మంచి అతుకు, అందరికీ తెలిసినా అతి తక్కువ మంది చేసేది, కొలిమి అతుకు. మ్యానిఫోల్డ్ మొత్తాన్ని కొలిమిలో ఆరేడు వందల డిగ్రీలకు, ఎర్రగా కాలేదాకా కాచి, అలా ఎర్రగా ఉండగానే పోత ఇనుము రాడ్డుతోనే గ్యాస్ మంట మీద పగులును కరిగించి నింపుతారు. తర్వాత ఒక రోజంతా మెల్లగా చల్లారనిస్తారు. ఎక్కడా వేడి తేడా ఉండదు, పెళుసు పొర పుట్టదు. అతుకు రంగూ సాగుడూ అసలు ముక్కవే. చల్లార్చడానికి సున్నం, పొడి ఇసుక, ఊక బూడిద ఏదైనా పనికొస్తుంది. తడి మాత్రం ఉండకూడదు. ఊక బూడిద వేడిని బాగా పట్టి ఉంచుతుంది. కొలిమి లేని షెడ్డులో ఇటుకలు పేర్చి బొగ్గులు పోసి చేసుకునే ఏర్పాటు కూడా గాలి తగలని చోట పనికొస్తుంది. వాన జల్లు ఒక్కటి కొట్టిందంటే మాత్రం పనంతా బూడిదే.

కరిగించకుండా కుట్టే పద్ధతి ఒకటుంది. టెక్సాస్ చమురు బావుల దగ్గర నిప్పురవ్వ పనికిరాదు కాబట్టి 1930లలో అక్కడ పుట్టింది. పగులుకు అడ్డంగా తాళం ఆకారపు గాళ్ళు వేసి వాటిలో మెత్తని లోహపు తాళాలు కొట్టి, పగులు వెంబడి ఒకదాన్నొకటి కొరుక్కునే మరల వరుస బిగిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మెటలాక్ పేరుతో ఇంగ్లండుకు వచ్చి ఓడల డీజిల్ ఇంజన్ల బ్లాకులకు ప్రాణం పోసింది. ఫీనిక్స్ బే మెరైన్ డాక్‌యార్డు లాంటి చోట్ల ఓడ ఇంజన్లతో పనిచేసేవారికి ఇది కొత్త విద్య కాదు. కారు మ్యానిఫోల్డ్‌కు మాత్రం అంతగా కుదరదు. ఆ కొమ్మల గోడ మందం అయిదారు మిల్లీమీటర్లే. మర పట్టడానికి కండ ఉండదు. ఫ్లాంజి మీద పగులైతే సరే.

పోత ఇనుము మరమ్మతు చరిత్రలో మలుపు ఒక శత్రువు చేసిన విధ్వంసం నుంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా రేవుల్లో ఆగిపోయిన జర్మన్ ఓడల ఇంజన్లను, 1917లో అమెరికా యుద్ధంలోకి దిగే వేళకు, ఓడ సిబ్బందే పగలగొట్టారు. పెద్ద పెద్ద పోత ఇనుము సిలిండర్లలో భారీ ముక్కలే ఎగిరిపోయాయి. మళ్ళీ పోతపోసి తెచ్చుకోవాలంటే ఏడాదికి పైగా పడుతుందనుకున్నారు. అమెరికా నౌకాదళం ఇంజనీర్లు విరిగిన అంచులో ఉక్కు మరలు దిగగొట్టి, వాటి మీదుగా ఉక్కు అతుకు పరిచి కరెంటు వెల్డింగ్ చేశారు. నెలల్లో ఆ ఓడలు సైనికుల్ని మోసుకుని అట్లాంటిక్ దాటాయి. మరలు దిగగొట్టి వాటికి వెల్డింగ్ చేసే ఆ ఉపాయం ఇప్పటికీ మన లేతు షాపుల్లో కనిపిస్తుంది. దానికి కొంచెం ముందే, 1906లో, స్విట్జర్లాండు లోజాన్‌లో కాస్టోలిన్ అనే సంస్థ పోత ఇనుమును తక్కువ వేడిమీద అతికే పద్ధతితోనే వ్యాపారం మొదలుపెట్టింది.

ఇంత తతంగం లేకుండా కొత్తదో, పాతదో ఇంకో మ్యానిఫోల్డ్ తెప్పించుకోవడం మేలు కాదా? మేలే, అయితే చాలామంది అనుకున్నంత కాదు. ఆటోనగర్ లోనో, కోల్‌కతా మల్లిక్ బజార్ లోనో దొరికే పాత ముక్క కూడా అదే వయసు, అదే ఉబ్బు, తరచు అదే పగులు. దుకాణదారుడు కొత్త నల్ల రంగు పూసి అమ్మితే లోపల ఏముందో తెలీదు. ఓడెక్కించక ముందే అక్కడే రంగు తీయించి సుద్ద పరీక్ష చేయించుకోలేకపోతే, రెండు ప్రయాణాల ఖర్చు ఒకే పగులుకు పెట్టినట్టవుతుంది. హౌరా ఫౌండ్రీల్లో కొత్తగా పోయించుకోవచ్చు. పాత ముక్కనే అచ్చుగా వాడితే కొత్తది ఒక శాతం చిన్నదైపోతుంది, ఎందుకంటే పోత ఇనుము చల్లారేటప్పుడు ఆ మేరకు కుంచించుకుపోతుంది. అర మీటరులో అది అయిదు మిల్లీమీటర్లు. స్టడ్డు బెజ్జాలు కలవవు. అచ్చు కొంచెం పెద్దదిగా చేయించాలి. లోపల బోలుకు ఇసుక కోర్లు చేయడం అసలు పని, ఖరీదంతా అందులోనే. ఉక్కు గొట్టాలు వంచి హెడర్ చేయించుకునేవారూ ఉన్నారు. అది పగలదు. తుప్పు గాలిలో పల్చని గొట్టం మాత్రం ఎంత కాలం ఉంటుందో చెప్పలేం. పైగా అంబాసిడర్‌లో కార్బురేటర్ కింద వేడిచ్చే చోటు పోతుంది. వేడి బయటికి పోకుండా మ్యానిఫోల్డ్‌కు చుట్టే పట్టీల గురించి ఒక్క మాట: పోత ఇనుముకు చుట్టకపోవడమే మంచిది. వేడి పెరుగుతుంది, తడి పట్టుకుని ఉంటుంది, పగులు కనపడదు.

పాత కారుకు పాతదనమే విలువ కాబట్టి ఇందులో చట్టం కోణమూ ఉంది. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో మార్పు తెచ్చి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన బండిని ‘వింటేజ్’గా నమోదు చేసుకునే వీలు కల్పించింది. నంబరులో ‘వి.ఏ.’ అక్షరాలు, 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసీ, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. అతికిన మ్యానిఫోల్డ్‌తో ఆ నిబంధనకు ఏ ఇబ్బందీ లేదు. హెడర్ గొట్టాలు తళతళలాడుతుంటే అడగాల్సిన ప్రశ్న పుట్టుకొస్తుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా, బిగింపు సరిగ్గా లేకపోతే అది మళ్ళీ పగులుతుంది. అతుకు గురించి నూటికి తొంభై మాటలు వెల్డింగ్ మీదే పోతాయి, నిజానికి సగం పని దాని తర్వాతే ఉంది. అతికిన మ్యానిఫోల్డ్ వంగి ఉంటుంది. మిల్లింగ్ మిషను మీద అన్ని ఫ్లాంజిలూ ఒకే సమానంగా ఫేసింగ్ కొట్టించాలి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే స్టడ్డు, ఒకే వెడల్పు వాషరు పంచుకునే బి-సిరీస్‌లో రెండు ఫ్లాంజిల మందం కూడా సరిచూసుకోవాలి. లేకుంటే వాషరు ఒక వైపుకు ఒరిగి ఒకదాన్ని పిసికేస్తుంది, ఇంకోదాన్ని వదిలేస్తుంది. తుప్పు పట్టిన స్టడ్డులను తీసేసి కొత్తవి వెయ్యడం, వాటి మీద ఉక్కు నట్లకు బదులు ఇత్తడి నట్లు వాడటం మంచిది. ఇత్తడి నట్టు ఉక్కు స్టడ్డుకు పట్టుకుపోదు, అది తుప్పు తెచ్చే ముడిని రాకుండా చూస్తుంది. స్పానరుకు పైపు తొడిగి బిగించే అలవాటు మానుకోవాలి. ఇదే ఇంజన్ కుటుంబానికి చెందిన ఎం.జి.బి. కారు మాన్యువల్ ఈ నట్లకు చెప్పేది 15 అడుగు-పౌన్లు, అంటే ఒక చెయ్యి చులాగ్గా లాగే బలం. నడిమి నట్టు మొదట, తర్వాత బయటికి పోతూ, రెండు మూడు విడతల్లో బిగించాలి.

ఇంజను ఒకటి రెండుసార్లు బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక గ్యాస్కెట్ అణుగుతుంది. అప్పుడు మళ్ళీ టార్క్ రెంచితో ఒకసారి చూసుకోవాలి. ఉత్తరాన రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ వైపు వెళ్ళేవారు అండమాన్ ట్రంక్ రోడ్డులో జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్‌లో నిలబడక ముందే ఈ పని పూర్తి చేసుకోవాలి. అక్కడి నుంచి జార్వా రిజర్వు గుండా మిడిల్ స్ట్రెయిట్ దాకా వాహనాలన్నీ వరుసగా పోవాలి, దారిలో ఆగడానికి వీల్లేదు.